విమానంలో గంటా ఇరవై, గడప నుంచి గడపకు ఎనిమిది గంటలు

చంద్రపూర్ జిల్లాకు విమానాశ్రయం కావాలన్న మాట ఎన్నికలు వచ్చినప్పుడల్లా, బడ్జెట్ వచ్చినప్పుడల్లా పైకి వస్తుంది. తెలుగు ఇళ్లలో ఆ మాట వెంటే ఇంకో మాట కూడా వస్తుంది: "అదొస్తే హైదరాబాద్‌కు గంట ప్రయాణమేనట!" తరగతిలో పిల్లలు అదే అడుగుతారు. తల్లిదండ్రుల సమావేశంలో పెద్దలూ అదే అంటారు. గంట అన్న మాట వినగానే మనసుకు హాయిగా ఉంటుంది. ఎందుకంటే మన పెళ్లి సంబంధాలు, పెద్దాసుపత్రులు, పిల్లల పై చదువులు, పుస్తకాల దుకాణాలు చాలావరకు అటువైపే ఉన్నాయి.

అయితే ఆ గంట రెండు విమానాశ్రయాల మధ్య గంట. బల్లార్‌పూర్‌లోని ఇంటి గడపకూ సికింద్రాబాద్‌లోని చుట్టాల ఇంటి గడపకూ మధ్య గంట కాదు. ఈ రెంటికీ తేడా తెలియకపోతే డబ్బు, రోజు రెండూ నష్టపోతాం. ఒక్కోసారి పిల్లల పరీక్షే చేజారుతుంది. అందుకే ఈ వారం దూరం, కాలం అన్న ఈ రెండు మాటలనే లెక్క వేసి చూద్దాం.

అక్షాంశాలతోనే దూరం

నాగపూర్‌లోని డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ విమానాశ్రయం దాదాపు 21.1 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ విమానాశ్రయం దాదాపు 17.2 డిగ్రీల మీద ఉంది. రేఖాంశాలు 79కి అటూ ఇటూగా దగ్గరదగ్గరగానే ఉన్నాయి. అంటే ఒకటి ఇంకోదానికి ఇంచుమించు నేరుగా దక్షిణాన ఉంది. ఒక డిగ్రీ అక్షాంశం అంటే నేల మీద సుమారు 111 కిలోమీటర్లు. రెండింటి మధ్య తేడా 3.9 డిగ్రీలు. 3.9ని 111తో గుణిస్తే సుమారు 433. ఏడో తరగతి పిల్లలు అట్లాసు ముందు పెట్టుకుని పలక మీద చేయగల లెక్క ఇది. నాగపూర్, హైదరాబాద్ విమానాశ్రయాల మధ్య గగన దూరం నిజంగానే సుమారు 430 కిలోమీటర్లు.

ఇదే పద్ధతిలో చంద్రపూర్ నుంచి కొలిస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. చంద్రపూర్ నుంచి హైదరాబాద్‌కు తిన్నని గీతలో సుమారు 300 కిలోమీటర్లు. మన రాష్ట్ర రాజధాని ముంబైకి సుమారు 680. అంటే మన పాఠశాలలకు అనుమతులు ఇచ్చే ఊరు, మన భాషలో పుస్తకాలు దొరికే ఊరికంటే రెండింతలకు పైగా దూరంలో ఉంది. విమానాశ్రయం చర్చలో ఈ రెండు సంఖ్యలనూ గుర్తుంచుకోవాలి. మళ్లీ వీటి దగ్గరికే వస్తాం.

430 కిలోమీటర్లకు గంటా ఇరవై ఎందుకు

పెద్ద జెట్ విమానం ఎత్తుకు చేరాక గంటకు సుమారు 800 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ వేగంతో 430 కిలోమీటర్లకు అరగంట చాలు. కానీ టికెట్ మీద గంటా పావు నుంచి గంటన్నర దాకా కనిపిస్తుంది. మిగతా కాలం ఎటు పోయింది?

విమానం తన నిలుపు చోటు నుంచి కదిలిన క్షణం నుంచి అవతలి ఊళ్లో మళ్లీ నిలుపు చోటుకు చేరే దాకా లెక్కగట్టే కాలాన్ని బ్లాక్ టైమ్ అంటారు. టికెట్ మీద అచ్చు వేసేది అదే. రన్‌వే దాకా నేల మీద మెల్లగా నడవడం, వరుసలో ఆగడం, పైకి ఎక్కడం, కిందికి దిగడం, రద్దీ ఉంటే గాలిలో చుట్లు కొట్టడం, దిగాక మళ్లీ నేల మీద నడవడం ఇందులో కలిసి ఉంటాయి. దూరం తక్కువైనకొద్దీ పూర్తి వేగంతో పోయే భాగం తగ్గిపోతుంది. ఎక్కడం, దిగడం మాత్రం తగ్గవు. అందుకే 430 కిలోమీటర్ల ప్రయాణం 860 కిలోమీటర్ల ప్రయాణంలో సగం కాలం పట్టదు, అంతకంటే ఎక్కువే పడుతుంది.

పిల్లలకు దూరం, వేగం, కాలం లెక్కలు చెప్పేటప్పుడు వేగం మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటుందని అనుకుని చెబుతాం. ఈ ఉదాహరణ చూపిస్తే పాఠ్యపుస్తకంలోని లెక్కకూ బతుకులోని లెక్కకూ మధ్య సందు ఎక్కడుందో వాళ్లకే తెలుస్తుంది.

గడప నుంచి గడపకు

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. చంద్రపూర్ పట్టణంలో ఒక కుటుంబం సికింద్రాబాద్ వెళ్లాలి. నాగపూర్ మీదుగా విమానంలో వెళితే ఇలా ఉంటుంది:

భద్రావతి, వరోరా, జామ్ మీదుగా నాగపూర్ విమానాశ్రయం దాకా రోడ్డు, సుమారు 150 కిలోమీటర్లు: 3 గంటలు.

సామాను అప్పగించడానికి, తనిఖీకి ముందుగా చేరడం: కనీసం గంటన్నర.

విమానం: గంటా 20 నిమిషాలు.

దిగి, సామాను తీసుకుని బయటికి రావడం: 40 నిమిషాలు.

శంషాబాద్ నుంచి సికింద్రాబాద్ దాకా రోడ్డు: గంటా పావు.

మొత్తం 7 గంటల 45 నిమిషాలు. దారిలో టీ కోసం ఆగితే ఎనిమిది గంటలు. టికెట్ మీద కనిపించే గంటా ఇరవై ఇందులో ఆరో వంతు మాత్రమే.

రైలు సంగతి చూద్దాం. నాగపూర్–సికింద్రాబాద్ వందే భారత్‌ను 2024 సెప్టెంబరు 16న ప్రధాని ప్రారంభించారు. సేవాగ్రామ్, చంద్రపూర్, బల్లార్షా, రామగుండం, కాజీపేటల్లో ఆగుతుంది. ప్రారంభ సమయ పట్టిక ప్రకారం ఉదయం 5 గంటలకు నాగపూర్‌లో బయలుదేరి మధ్యాహ్నం 12.15కు సికింద్రాబాద్ చేరుతుంది. సుమారు 580 కిలోమీటర్ల దారి, ఏడుంబావు గంటలు. చంద్రపూర్‌లో ఎక్కిన వాళ్లకు మాత్రం అది సుమారు ఐదు గంటలే. ఇంటి నుంచి స్టేషన్‌కు, ప్లాట్‌ఫాం మీద ఎదురుచూపుకు ఇంకో 40 నిమిషాలు వేసినా ఆరు గంటల లోపే.

విమానం ఈ రైలుకంటే గాలిలో పదింతల వేగంతో పోతుంది. అయినా చంద్రపూర్ మనిషి రైలులోనే రెండు గంటలు ముందు చేరతాడు. కారణం చిన్నదే. విమానం కోసం అతను ముందు ఉత్తరానికి 150 కిలోమీటర్లు వెనక్కి పోవాలి. ఆ వెనక్కి పోయిన దూరాన్ని మళ్లీ గాలిలో దాటాలి.

మూర్తి విమానాశ్రయం వస్తే?

"ఇక్కడే విమానాశ్రయం వస్తే ఆ 150 కిలోమీటర్లు తప్పుతాయి కదా" అన్న ప్రశ్న న్యాయమైనదే. చంద్రపూర్ దగ్గర మోర్వాలో పాత విమాన స్థలం ఉంది. దాని రన్‌వే చిన్న విమానాలకే సరిపోతుంది. పక్కనే థర్మల్ విద్యుత్ కేంద్రం చిమ్నీలు, బొగ్గు గనులు ఉండటంతో దాన్ని పొడిగించడం కష్టం. అందుకే రాజురా తాలూకాలోని విహీర్‌గావ్, మూర్తి గ్రామాల దగ్గర కొత్త విమానాశ్రయం ప్రతిపాదన వచ్చింది. ఆ భూమిలో అడవి భాగం ఉండటం, అది పులులు ఒక అడవి నుంచి ఇంకో అడవికి పోయే దారి కావడం వల్ల అనుమతులు చిక్కుల్లో పడ్డాయి.

రాజురా పేరు మన పాఠకులకు కొత్త కాదు. 1956 రాష్ట్రాల పునర్విభజన దాకా రాజురా తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. అక్కడి పాత తెలుగు కుటుంబాలు ఊరు కదలకుండానే రాష్ట్రం మారిన వాళ్లు. భాషా అల్పసంఖ్యాక వర్గం అన్న మాట వాళ్లకు వలసతో వచ్చింది కాదు, గీత మారడంతో వచ్చింది.

సరే, అన్ని అనుమతులు వచ్చి మూర్తిలో రన్‌వే సిద్ధమైందనుకుందాం. ఇలాంటి చిన్న విమానాశ్రయాలకు మామూలుగా వచ్చేది డెబ్బై మంది పట్టే ఏటీఆర్ విమానం. దాని వేగం గంటకు సుమారు 500 కిలోమీటర్లు. శంషాబాద్‌కు మన జిల్లా నుంచి గగన దూరం సుమారు 300. ఎక్కడం దిగడం కలిపి గంటా పది నిమిషాలు అనుకోవచ్చు. చంద్రపూర్ నుంచి మూర్తికి గంట, ముందుగా చేరడానికి గంటన్నర, దిగి బయటికి రావడానికి 40 నిమిషాలు, శంషాబాద్ నుంచి సికింద్రాబాద్‌కు గంటా పావు. మొత్తం 5 గంటల 35 నిమిషాలు. ఇవాళ వందే భారత్‌లో పట్టే కాలం అంతే!

అంటే కొత్త విమానాశ్రయం హైదరాబాద్‌ను మనకు కొత్తగా దగ్గర చేసేది ఏమీ లేదు. అది దగ్గర చేసేది ముంబైని. నాగపూర్ నుంచి ముంబైకి రైలు దారి 837 కిలోమీటర్లు. చంద్రపూర్ వాళ్లకు అది ఒక రాత్రి, మరికొంత పగలు. సచివాలయంలో ఫైలు కోసం, న్యాయస్థానం పని కోసం, పెద్ద ఆసుపత్రి కోసం ముంబై వెళ్లే వారికి విమానం నిజంగానే ఒక రోజును మిగులుస్తుంది. మన పక్క జిల్లాల అనుభవమూ అదే చెబుతోంది. 2025 ఏప్రిల్‌లో అమరావతి బేలోరా విమానాశ్రయం తెరిచినప్పుడు మొదలైన విమానం ముంబైకే.

గోండియా ఇంకో పాఠం చెబుతుంది. 2022 మార్చిలో అక్కడి నుంచి ఇండోర్, హైదరాబాద్‌లకు ఫ్లైబిగ్ సంస్థ విమానం మొదలైంది. కొద్ది నెలలకే ఆగిపోయింది. 2023 డిసెంబరులో ఇండిగో హైదరాబాద్ సర్వీసు మళ్లీ మొదలుపెట్టింది. చిన్న ఊళ్ల విమానాల కోసం కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకం మీద కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక చూస్తే ఇది ఒక్క గోండియా కథ కాదని తెలుస్తుంది. మూడో విడత దాకా కేటాయించిన 774 మార్గాల్లో 371 మాత్రమే మొదలయ్యాయి. వాటిలో మూడేళ్ల రాయితీ కాలం పూర్తి చేసినవి 112. రాయితీ అయిపోయాక కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. రన్‌వే కట్టడం ఒక ఎత్తు, దాని మీద విమానం రోజూ దిగడం ఇంకో ఎత్తు.

సరిహద్దు అవతల కూడా కదలిక ఉంది. వరంగల్ దగ్గరి మామునూరుకు 2025 ఫిబ్రవరిలో కేంద్ర పౌర విమానయాన శాఖ అనుమతి ఇచ్చింది. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు కొత్త విమానాశ్రయం రాకూడదన్న ఒప్పందం ఉన్నా, జీఎంఆర్ సంస్థ అభ్యంతరం లేదని చెప్పడంతో ఆ ముడి విడింది. ఆదిలాబాద్‌లోని పాత విమాన స్థలాన్ని వైమానిక దళంతో పాటు పౌర విమానాలకూ వాడుకోవడానికి అదే ఏడాది రక్షణ శాఖ సమ్మతించింది. చంద్రపూర్ నుంచి ఆదిలాబాద్‌కు తిన్నగా కొలిస్తే 90 కిలోమీటర్ల లోపే. మనకు దగ్గరి విమానాశ్రయం రేపు మన రాష్ట్రంలోనే ఉండాలన్న నియమం లేదు. సిర్పూర్, ఆసిఫాబాద్ వైపు బంధుత్వాలున్న కుటుంబాలు దీన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఎవరి కాలం? ఏ గంటలు?

రైలే ముందుందని లెక్క తేల్చాం. మరి ఆ రైలు నిండిందా? నిండలేదు. 20 పెట్టెలతో మొదలైన నాగపూర్–సికింద్రాబాద్ వందే భారత్‌ను ప్రయాణికులు చాలక 2025 ఫిబ్రవరిలో 8 పెట్టెలకు తగ్గించారు. ఇది మనం ఆలోచించవలసిన విషయం.

కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ గనిలో, బల్లార్‌పూర్ కాగితపు మిల్లులో, బజారులో పని చేసే మనిషికి పగటి ఐదు గంటలు అంటే ఒక రోజు కూలి. దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ లాంటి బండి రాత్రి బల్లార్షాలో ఎక్కితే తెల్లవారేసరికి సికింద్రాబాద్‌లో దింపుతుంది. ఆ బండికి పట్టే కాలం వందే భారత్‌కంటే ఎక్కువే. కానీ అది నిద్రపోయే కాలం. స్లీపర్ టికెట్ ధర కూడా తక్కువ. ప్రయాణ కాలం ఎన్ని గంటలన్నది ఒక్కటే ప్రశ్న కాదు, అవి ఏ గంటలన్నది రెండో ప్రశ్న. విమానాశ్రయం గురించి మాట్లాడే పెద్దలు మొదటి ప్రశ్నకే జవాబు చెబుతారు. మన ఇళ్లు రెండో ప్రశ్నతో బతుకుతాయి.

ఇక్కడ పాఠశాలలు చేయగలిగింది ఒకటుంది. విద్యార్థులు సెలవుల్లో సొంత ఊరికి వెళ్లడానికి, విద్యా యాత్రలకు సెకండ్ క్లాస్, స్లీపర్ టికెట్లలో రైల్వే రాయితీ ఉంది. దానికి రైల్వే ఇచ్చే ఫారం మీద ప్రధానోపాధ్యాయుల ధ్రువీకరణ కావాలి. వందే భారత్‌లో ఈ రాయితీ వర్తించదు. ఈ సంగతి తెలియక పూర్తి ధర పెట్టే కుటుంబాలు ఉన్నాయి. బడి గోడ మీద ఒక చీటీ అంటిస్తే చాలు.

ఇంకో చిన్న మాట. బల్లార్షాలో ఆగే బండ్లన్నీ చంద్రపూర్‌లో ఆగవు. రెండు స్టేషన్ల మధ్య 15 కిలోమీటర్లు కూడా లేవు. పిల్లలతో ప్రయాణం చేసేవారు టికెట్ కొనేముందు రెండు స్టేషన్ల పేర్లతోనూ వెతికితే బండ్ల సంఖ్య పెరుగుతుంది.

సముద్రాలు దాటే పిల్లలకూ ఇదే లెక్క

పై చదువులకు అమెరికా, పనికి గల్ఫ్ వెళ్లిన పిల్లలున్న ఇళ్లు మన జిల్లాలోనూ ఉన్నాయి. వాళ్ల ప్రయాణంలో దూరానికీ కాలానికీ మధ్య సందు ఇంకా పెద్దది.

గోడకు వేలాడే ప్రపంచ పటం మీద హైదరాబాద్ నుంచి చికాగోకు గీత గీయమంటే పిల్లలు పడమరకు, యూరప్ మీదుగా గీస్తారు. ఒక దారం తీసుకుని గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య బిగించి పట్టమనండి. దారం ఉత్తరానికి పోతుంది, ధ్రువానికి దగ్గరగా వంగుతుంది. గోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి అదే. దాన్నే మహావృత్త మార్గం అంటారు. అలా కొలిస్తే హైదరాబాద్–చికాగో సుమారు 13,300 కిలోమీటర్లు. 2021 జనవరిలో ఎయిరిండియా ఈ రెండు ఊళ్ల మధ్య ఎక్కడా ఆగని విమానం మొదలుపెట్టింది. అదే నెలలో బెంగళూరు–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని మహిళా పైలట్ల బృందం ఉత్తర ధ్రువం మీదుగా నడిపింది. చికాగో సర్వీసు తర్వాత నిలిచిపోయింది. ఇప్పుడు మన పిల్లలు దుబాయి, దోహా, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట్ల విమానం మారి పోవలసిందే.

దూరం మారకుండానే కాలం ఎలా మారుతుందో 2025లో అందరం చూశాం. పహల్గామ్ దాడి తర్వాత ఏప్రిల్ 24న పాకిస్తాన్ మన విమానాలకు గగనతలం మూసేసింది. ఢిల్లీ నుంచి యూరప్, అమెరికా వైపు పోయే మన విమానాలు చుట్టూ తిరిగి పోవలసి వచ్చింది. ఇంధనం చాలక కొన్ని వియన్నాలో ఆగాయి. విమానాల కొరతకు ఇదీ తోడై ఎయిరిండియా సెప్టెంబరు 1 నుంచి ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసునే ఆపింది. ఢిల్లీ కదలలేదు, వాషింగ్టన్ కదలలేదు. మధ్యలో తలుపు మూసుకుంది. నాగపూర్, హైదరాబాద్‌ల నుంచి గల్ఫ్‌కు పోయే దారి అరేబియా సముద్రం మీదుగా ఉంటుంది కాబట్టి దాని మీద దెబ్బ తక్కువ పడింది. పిల్లలకు టికెట్ కొనేటప్పుడు ఎంత దూరం అన్నదానితో పాటు ఏ దేశాల మీదుగా, ఎక్కడ మారుతూ అన్నది చూడటం ఇప్పుడు అవసరమైంది.

టికెట్ మీద గడియారాల విషయంలోనూ జాగ్రత్త కావాలి. బయలుదేరే సమయం ఇక్కడి గడియారం, చేరే సమయం అక్కడి గడియారం. చికాగో మనకంటే చలికాలంలో పదకొండున్నర గంటలు, వాళ్ల వేసవి కాలమానంలో పదిన్నర గంటలు వెనక ఉంటుంది. ఒక సమయం నుంచి ఇంకో సమయం తీసేస్తే ప్రయాణ కాలం రాదు. ముందు రెండింటినీ ఒకే గడియారంలోకి మార్చాలి. తొమ్మిదో తరగతి భూగోళంలో రేఖాంశాల పాఠం చెప్పేటప్పుడు ఏదైనా నిజమైన టికెట్‌ను బల్ల మీద పెట్టి చెబితే పాఠం మరిచిపోరు.

విమానం రాకపోతే

2025 డిసెంబరు మొదటి రోజుల్లో ఇండిగో వేల విమానాలు రద్దు చేసింది. పైలట్ల విశ్రాంతి గంటల మీద కొత్త నిబంధనలకు తగినట్లు సిబ్బంది ఏర్పాటు లేకపోవడంతో ఆ పరిస్థితి వచ్చింది. శంషాబాద్‌లోనూ ప్రయాణికులు గంటల తరబడి నేల మీద కూర్చున్నారు. అలాంటప్పుడు మన హక్కు ఏమిటో తెలిసి ఉండాలి.

విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమం ప్రకారం విమానం రద్దయితే ఇంకో విమానమో, డబ్బు వాపసో ఇవ్వాలి. సకాలంలో ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే పరిహారం కూడా ఉంది. పరిహారం బ్లాక్ టైమ్‌ను బట్టి ఉంటుంది. గంట లోపు ప్రయాణానికి 5,000 రూపాయలు, గంట నుంచి రెండు గంటల దాకా 7,500, అంతకు మించితే 10,000. లేదా మూల ధర, ఇంధన రుసుము కలిపిన మొత్తం. ఈ రెంటిలో ఏది తక్కువైతే అది. నాగపూర్–హైదరాబాద్ రెండో వరుసలోకి వస్తుంది. వాతావరణం, భద్రత వంటి సంస్థ చేతిలో లేని కారణాలకు పరిహారం వర్తించదు. టికెట్ కొనేటప్పుడు సొంత ఫోన్ నంబరు ఇవ్వకపోతే ముందస్తు కబురు మనకు చేరదు. పరిహారం అడిగే వీలూ పోతుంది. ఏజెంటు నంబరుతో టికెట్ తీసుకునే అలవాటు మానాలి.

పరీక్ష రోజు లెక్క

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, మన పిల్లలకు ఇది ఊసుపోని లెక్క కాదు. నీట్ పరీక్ష 13 భాషల్లో జరుగుతుంది. అందులో తెలుగు ఒకటి. కానీ తెలుగు ప్రశ్నపత్రాన్ని ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని కేంద్రాల్లోనే ఇస్తూ వచ్చారు. చంద్రపూర్ కేంద్రంలో కూర్చున్న తెలుగు పిల్లవాడికి తన భాషలో పత్రం దొరకదు. తెలుగులో రాయాలనుకుంటే సరిహద్దు దాటాలి.

అప్పుడు గంటల లెక్క ప్రాణం మీదికి వస్తుంది. మధ్యాహ్నం 2 గంటల పరీక్షకు 1.30కే గేటు మూస్తారు. ఆ రోజు ఉదయం వందే భారత్ ఎక్కి 12.15కు సికింద్రాబాద్‌లో దిగి, గంటా పావులో నగరం దాటి కేంద్రానికి చేరతామనుకోవడం సాహసం. బండి అరగంట ఆలస్యమైతే ఏడాది పోతుంది. ముందు రోజే చేరాలి. అంతకంటే మంచిది, దరఖాస్తులో పరీక్ష నగరం ఎంచుకునేటప్పుడు హైదరాబాద్ పేరు రాయకముందు తెలంగాణలో మనకు దగ్గరి సరిహద్దు జిల్లాల ఊళ్లు జాబితాలో ఉన్నాయేమో చూడటం. ప్రతి ఏడాదీ వచ్చే సమాచార పత్రంలో భాషల పట్టిక, నగరాల పట్టిక రెండూ ఉంటాయి. ఈ రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి పిల్లలకు వివరించే బాధ్యత పాఠశాలలు తీసుకోవాలి.

రాజ్యాంగంలోని 350-ఏ అధికరణ భాషా అల్పసంఖ్యాక పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించమని రాష్ట్రాలకు చెబుతోంది. పన్నెండో తరగతి తర్వాత ఆ భాషలో పరీక్ష రాయడానికి మూడు వందల కిలోమీటర్లు పోవలసి వస్తే, మొదట ఇచ్చిన వసతి చివర్లో వెనక్కి తీసుకున్నట్టే. మన జిల్లా ప్రతినిధులను విమానాశ్రయం అడిగేటప్పుడు, చంద్రపూర్ కేంద్రంలో తెలుగు ప్రశ్నపత్రం కూడా అడగాలి. మొదటిదానికి వందల ఎకరాలు, వందల కోట్లు కావాలి. రెండోదానికి అచ్చు కాగితాలు, నిర్ణయం చాలు.

అడగవలసినవి

విమానాశ్రయం వద్దని మేము అనడం లేదు. వస్తే ముంబై దగ్గరవుతుంది, అదీ మనకు అవసరమే. ఆ చర్చలో అడవి మాట, పులుల మాట కూడా న్యాయంగా వినబడాలి. కానీ హైదరాబాద్ గంట దూరం అవుతుందన్న ఆశతో దాన్ని కోరుకుంటే నిరాశ తప్పదు. హైదరాబాద్‌కు మన దారి పట్టాల మీదే ఉంది. దాన్ని మెరుగు చేయమని అడగడం సులువు, ఫలితం త్వరగా వస్తుంది: చంద్రపూర్‌లో మరిన్ని బండ్లు ఆగడం, రాత్రి బండ్లలో స్లీపర్ పెట్టెలు తగ్గకుండా ఉండటం, పరీక్షల ముందు రోజు ప్రత్యేక బండి.

ఉపాధ్యాయులు ఈ వారం ఒక పని చేయవచ్చు. ప్రతి పిల్లవాడినీ తమ కుటుంబం ఈ మధ్య చేసిన ఒక దూర ప్రయాణం గురించి ఇంట్లో అడిగి రాసుకు రమ్మనండి. గడప దాటిన సమయం, బండి ఎక్కిన సమయం, దిగిన సమయం, అవతలి గడప తొక్కిన సమయం అని నాలుగు వరుసలు. టికెట్ మీద ఉన్న కాలం ఐదో వరుస. ఆ ఐదు వరుసలు నల్లబల్ల మీద పడ్డాక ఎక్కడ కాలం పోతోందో మనం చెప్పక్కర్లేదు, పిల్లలే వేలు పెట్టి చూపిస్తారు. ఆ పట్టికలను తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపించండి. వినతిపత్రం రాసే రోజున అదే మన దగ్గరున్న గట్టి ఆధారం.